వేలిముద్రతో పోయిన కూలి డబ్బు: రాబట్టుకోవడం ఎలా?

రామగిరిలాంటి మెట్ట మండలాల్లో ఉపాధి హామీ కూలి ఆధార్‌తో లింకైన ఖాతాలో పడుతుంది. బ్యాంకుకు పోతే ఒక రోజు పని పోతుంది. అందుకే చాలామంది ఊళ్లోనే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారు. ఈ పద్ధతి పేరు ఏఈపీఎస్. దీనికి ఓటీపీ, పిన్ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. మోసానికి దారీ అదే.

మోసం జరిగే తీరు

"ముద్ర పడలేదు, మళ్లీ వేయి" అని రెండుసార్లు వేయించుకుని ఒక్కసారే డబ్బు ఇవ్వడం ఒక పద్ధతి. వేలిముద్రకే నకలు తీయడం ఇంకొకటి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు పోలీసులు బయటపెట్టారు.

వెంటనే చేయాల్సినవి

1. 1930కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.
2. పాస్‌బుక్ ఎంట్రీ వేయించి, "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. కాపీపై ముద్ర, తేదీ వేయించుకోండి.
3. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. "మా పరిధి కాదు" అంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 కింద జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఐటీ చట్టం 66సీ ప్రకారం ఒకరి గుర్తింపును దొంగిలించి వాడుకుంటే 3 ఏళ్ల వరకు జైలు.
4. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. సాయానికి 1947. ఆధార్‌కు మొబైల్ నంబరు లింక్ కాకపోతే ముందు ఆధార్ కేంద్రంలో చేయించాలి.
5. మీ పేరుతో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో, తెలియని అప్పులేమైనా ఉన్నాయేమో క్రెడిట్ రిపోర్టులో చూడండి. ఏటా ఒక రిపోర్టు ఉచితం.

బ్యాంకు బాధ్యత

"వేలిముద్ర నీదే కదా" అని పంపించేస్తే వెనక్కి రావద్దు. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6 సర్క్యులర్ చెబుతోంది. బ్యాంకు తప్పు గానీ మీ తప్పు గానీ లేకుండా బయటివారు చేసిన మోసాన్ని, లావాదేవీ సమాచారం మీకు అందిన 3 పనిదినాల్లో తెలిపితే మీకు నష్టం ఉండదు. 4 నుంచి 7 రోజుల మధ్య తెలిపితే జీరో బ్యాలెన్స్ ఖాతాదారు భరించేది గరిష్ఠంగా రూ. 5,000. మోసం బ్యాంకు లోపం వల్ల జరిగితే ఈ గడువులు వర్తించవు. లెక్క మొదలయ్యేది సమాచారం అందిన రోజు నుంచే. ఎస్ఎంఎస్ రాని కూలీల విషయంలో ఈ మాట గట్టిగా అడగాలి. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సాయానికి 14448. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. దానికి 15100.

సంఘాలు చేయగలిగింది

కూలి పడిన వారంలో వాడలో అందరి పాస్‌బుక్‌లకూ ఎంట్రీ వేయించండి. ఒకే బ్యాంకు మిత్ర దగ్గర పలువురి డబ్బు పోయినట్టు తేలితే, ఎవరి ఫిర్యాదు వాళ్లు రాసి అందరూ ఒకే రోజు ఇవ్వండి. ఒక్కరు పోతే పొరపాటంటారు. ఇరవై మంది పోతే విచారణ చేయక తప్పదు.