సంత ఎద్దుకు ఊపిరితిత్తుల వాపు: రక్తం చెప్పేదెంత?

దీపావళి దాటాక కురుమూర్తి జాతర సంతలో అమ్రాబాద్ ఎద్దులు చేతులు మారతాయి. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో లంబాడీలు అడవి మేతపై పెంచే పొడ తూర్పు కోడెలివి. తెలంగాణ నుంచి జాతీయ గుర్తింపు పొందిన తొలి పశుజాతి ఇదే. సంత నుంచి కొన్ని వనపర్తి పల్లెలకు, కొన్ని కృష్ణ దాటి గద్వాల నడిగడ్డకు చేరేసరికి నీళ్లు, మేత, తోటి పశువులు అన్నీ కొత్తవే.

దూర ప్రయాణం, సంతలో గుంపు, కొత్త కొట్టం కలిసినప్పుడు వచ్చే న్యుమోనియాను పాశ్చాత్య పశువైద్యులు చాలాకాలంగా ‘ప్రయాణ జ్వరం’ అంటున్నారు. దాని వెనుక తరచూ కనిపించే మాన్‌హైమియా హీమోలిటికా బయటి శత్రువు కాదు. ఆరోగ్యంగా ఉన్న పశువు ముక్కులో, గొంతులో కొద్దిగా ఉంటూనే ఉంటుంది. అలసటో వైరస్సో రక్షణను తగ్గించినప్పుడు పెరిగి, శ్వాసతో పాటు లోపలికి దిగుతుంది. తొలకరికి ముందు వేసే గొంతువాపు టీకా పాశ్చరెల్లా మల్టోసిడా కోసం. ఆ టీకా వేయించాం కదా అని ఈ న్యుమోనియాకు భయం లేదనుకోకూడదు.

ఊపిరితిత్తులను పాడుచేసేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు. దాన్ని చంపడానికి చేరిన న్యూట్రోఫిల్ కణాలు సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి; వీటి దాడే ఆక్సీకరణ ఒత్తిడి. మాన్‌హైమియా విషం ఆ కణాలను మొదట రెచ్చగొట్టి, మోతాదు పెరిగితే పగలగొడుతుంది. ఒలికిన పదార్థమంతా పక్కనున్న మంచి కణజాలాన్నీ కాలుస్తుంది. 1985లో వెలువడిన ఒక ప్రయోగంలో న్యూట్రోఫిల్స్‌ను ముందే తగ్గించిన దూడల్లో ఊపిరితిత్తుల గాయం తక్కువగా కనిపించింది. ఆక్సీకరణ ఒత్తిడికి ఇది బలమైన ఆధారమే. కాకపోతే న్యూట్రోఫిల్స్ ఎంజైములను కూడా వదులుతాయి కాబట్టి నష్టమంతా దాని ఖాతాలో వేయలేం.

న్యుమోనియా పశువుల రక్తంలో ఆక్సీకరణ నష్టానికి గుర్తయిన మాలోన్‌డైఆల్డిహైడ్ పెరగడం, యాంటీఆక్సిడెంట్లు తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఎక్కువగా జబ్బు ముదిరాక, తక్కువ పశువుల్లో, ఒక్కసారే తీసిన రక్తమది. ఆక్సీకరణ ఒత్తిడి వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల ఒత్తిడి పెరిగిందా అన్నది అందులో తేలదు. పరీక్షలోనూ చిక్కుంది: మాలోన్‌డైఆల్డిహైడ్‌ను కొలిచే థయోబార్బిట్యురిక్ ఆమ్లం వేరే పదార్థాలతోనూ రంగు ఇస్తుంది. పల్లెలో తీసిన నమూనా ఎండలో ఉండిపోయి ఎర్రకణాలు పగిలితే ఆ అంకెను నమ్మలేం.

మేత సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. పచ్చిమేతలో దండిగా ఉండే యాంటీఆక్సిడెంట్ విటమిన్ ఇ ఎండిన వరిగడ్డిలో చాలా స్వల్పం. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే రక్షక ఎంజైముకు సెలీనియం అవసరమని 1973లో తేలింది. అంటే అడవి మేత నుంచి ఎండుగడ్డికి మారిన కోడెకు రక్షణ తగ్గే అవకాశముంది. ఇది ఊహే, నిర్ధారణ కాదు. విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చిన ప్రయోగాల్లో రోగనిరోధక సూచికలు మెరుగైనా జబ్బు తగ్గుదల అన్నిచోట్లా ఒకేలా లేదు. పైగా సెలీనియం అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. డాక్టరు చెప్పకుండా ఆ సూది వేయించడం ప్రమాదం. జ్వరంతో రొప్పుతూ, ముక్కు కారుతూ మేత మానేసిన ఎద్దుకు ముందు కావలసింది సకాలంలో యాంటీబయాటిక్. విటమిన్లు దానికి బదులు కావు. పశువైద్య అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయడం ఆలస్యం కాకూడదు.

జబ్బుపడిన ఎద్దులను ఆరోగ్యంగా ఉన్నవాటితో పోల్చే అధ్యయనం మరొకటి చేస్తే కొత్తగా తెలిసేది కొంచెమే. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల్లో మంచి అధ్యయనానికి దారి సిద్ధంగా ఉంది. అవే ఎద్దుల రక్తం సంతకు ముందు, కొత్త కొట్టానికి చేరిన రోజు, వారం తర్వాత తీయాలి. ఏ ఎద్దు జబ్బు పడిందో నెలపాటు రాసుకోవాలి. ఏ మేత దొరికిందో రైతునే అడగాలి. మొదటి నమూనా మాత్రం అమ్రాబాద్‌లోనే, పలుపు చేయి మారకముందే తీయాలి.