35 మిల్లీమీటర్ల పట్టీ

హైదరాబాదులో జూబిలీ హిల్స్ బండరాళ్ళ నడుమ వెలసిన పేటకు ఫిలిం నగర్ అని పేరు. ఇంగ్లీషులో ఫిల్ము అంటే పల్చని పొర. వెండి లవణం కలిపిన జిలెటిన్‌ను సెల్యులాయిడ్ పట్టీ మీద పూసినప్పుడు ఏర్పడే పొర పేరే క్రమంగా పట్టీకి, పట్టీ నుండి సినిమాకు, సినిమా నుండి ఈ పేటకు వచ్చినది. 2010 తరువాత కొద్ది ఏళ్ళలోనే తెలుగు చిత్ర నిర్మాణం డిజిటల్ కెమెరాలకు మారినది గనుక ఆ పట్టీ ఇప్పుడక్కడ అరుదు. దాని కొలత మాత్రం పోలేదు. ఫిల్ము మీద బొమ్మలు తీయడం కొత్తగా నేర్చుకునేవారు ఏ కెమెరా పట్టాలి, చీకటి గదిలో ఏమేమి అమర్చుకోవాలి అని అడుగుతారు. ఆ రెంటికీ జవాబు ఈ కొలత చరిత్రలోనే ఉన్నది.

పట్టీ పుట్టక ముందు బొమ్మను గాజు పలక మీద తీసేవారు. ఈ విద్యలో హైదరాబాదుకు కీర్తి తెచ్చిన రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించినాడు. 1880ల నడుమ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో స్టూడియో నడిపినాడు. అంతకు పూర్వం వాడుకలో ఉన్నవి తడి పలకలు. పలకకు కలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే బొమ్మ తీయాలి, ఆరకముందే కడగాలి. అందుచేత ఛాయాగ్రాహకుడు ఎక్కడికి పోతే అక్కడికి చీకటి గుడారం కూడ బయలుదేరవలసినదే! 1871లో మాడెక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జిలెటిన్ పూతను సూచించినాడు. పొడి పలకలు వచ్చి, చీకటి గది ఇంటిపట్టున ఉండిపోయినది.

గాజు పలక కాలంలో పలక ఎంతో అచ్చు అంతే. కాగితాన్ని పలకకు ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ దిగేది. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక కావాలి, దానికి తగిన పెద్ద కెమెరా కావాలి. ఫుల్ ప్లేటు అంటే 6½ × 8½ అంగుళాలు. క్వార్టరు ప్లేటు అంటే దానిలో నాల్గవ వంతు. గాజు పోయిన తరువాత కూడ మన స్టూడియోలలో ఈ మాటలు చాల కాలం నిలిచినవి.

1889లో అమెరికాలో ఈస్ట్‌మన్ సెల్యులాయిడ్ చుట్టలను అమ్మకానికి తెచ్చినాడు. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న డిక్సన్ 70 మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ ఫిల్మును నిలువునా రెండుగా చీల్చి, అంచుల వెంట రంధ్రాలు వేసినాడు. 1892 నాటికి ఒక్కొక్క బొమ్మకు ఇరువైపుల నాలుగేసి రంధ్రాల పద్ధతి స్థిరపడినది. ఇందులో గొప్ప శాస్త్ర సూత్రమేమీ లేదు. ఉన్న సరుకు రెట్టింపు పనికి వస్తుందన్నదే లెక్క. ప్రపంచమంతా ఆ పొదుపునే ప్రమాణంగా తీసుకున్నది.

తెలుగువారిలో సినిమాకు దారి వేసినవాడు కూడ మొదట ఛాయాగ్రాహకుడే. మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, దానిని తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే ప్రదర్శన యంత్రాన్ని తెప్పించినాడు. ఆయన కుమారుడు ప్రకాశ్ విదేశాలలో ఈ విద్య నేర్చి వచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినాడు.

సినిమా పట్టీ తిరిగి నిశ్చల చిత్రానికి రావడం విచిత్రమైన కథ. జర్మనీలో లైట్జ్ కంపెనీ పనివాడు ఆస్కార్ బార్నాక్ 1913 ప్రాంతంలో ఆ పట్టీతో పనిచేసే చిన్న కెమెరా ఒకటి చేసినాడు. సినిమా కెమెరాలో పట్టీ నిలువుగా నడుస్తుంది. బొమ్మ 18 × 24 మిల్లీమీటర్లు. బార్నాక్ దానిని అడ్డంగా నడిపి, రెండు బొమ్మల చోటును ఒకటి చేసినాడు: 24 × 36. 1925లో ఇది లైకా పేరుతో అంగడికి వచ్చినది. 1901 నుండి ఉన్న 120 ఫిల్ము దీనికి పోటీ. కాగితం వెన్నుగా చుట్టిన ఈ ఫిల్ము మీద ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మలు పన్నెండు వస్తాయి.

తపాలా బిళ్ళంత నెగెటివ్‌ను కాగితానికి ఆనించి అచ్చు తీస్తే ఎవరి ముఖమో గుర్తు పట్టలేము. కనుక చిన్న కెమెరాతో పాటు ఎన్‌లార్జర్ తప్పనిసరి అయినది. ఎనిమిది అంగుళాల వెడల్పు అచ్చుకు 35 మి.మీ. నెగెటివ్‌ను ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. 120 నెగెటివ్‌కు మూడున్నర రెట్లు చాలును. నెగెటివ్ మీది దుమ్ము, గీత, వెండి రేణువు అన్నీ అన్నేసి రెట్లు పెరుగుతాయి. చిన్న ఫిల్ము చౌక. శుభ్రత విషయంలో మాత్రం అది ఖరీదైనది.

మిగిలిన సామాను కొద్దిపాటిదే: మూత గల డెవలపింగు డబ్బా, మూడు ట్రేలు, కొలపాత్ర, గడియారం, ఉష్ణమాపకం. నేటి మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు ఎర్రదీపం కూడ శత్రువే. కటిక చీకటిలో చేతి తడుముతోనే దానిని డబ్బాలోని చక్రానికి చుట్టాలి. ఎర్రదీపం కాగితం అచ్చుకే పనికి వస్తుంది. ఇక హైదరాబాదు ఎండాకాలంలో ఉష్ణమాపకమే ముఖ్యం. డెవలపర్‌కు నిర్ణయించిన కాలం 20 డిగ్రీల సెంటీగ్రేడుకు చెప్పినది. అక్కడ పది నిమిషాలు పట్టే పని 24 డిగ్రీల వద్ద సుమారు ఏడు నిమిషాలకే ముగుస్తుంది. మే నెల కుళాయి నీటికి జిలెటిన్ మెత్తబడి గోటికి లేచిపోవచ్చు. డబ్బాను మంచు ముక్కలు వేసిన తొట్టిలో నిలపాలి. మంచు డెవలపర్‌లో వేస్తే ద్రావణం పలచబడుతుంది. చివర హైపో, మిగిలిన వెండి లవణాన్ని కరిగించడానికి. ఆపైన ధారాళంగా కడుగుడు.

సినిమావారు ఆ చిన్న పట్టీని వీడకుండానే తెరను పెద్దది చేసినారు. 1974లో పద్మాలయా సంస్థ ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోపు వచ్చినది, బొమ్మను అడ్డంగా నొక్కి తీసి, తెర మీద సాగదీయడం దాని కిటుకు. అదే సంస్థ 1986లో ‘సింహాసనం’తో తెలుగు చిత్రాన్ని 70 మి.మీ. తెరకెక్కించినది. డిక్సన్ చీల్చక మునుపటి వెడల్పే అది. నేటి డిజిటల్ కెమెరాలలో ఫుల్ ఫ్రేమ్ అనే గ్రాహక ఫలకం బార్నాక్ 24 × 36 కొలతే.

కొలతతో పాటు ఫిల్ము కూడ నిలిచి ఉంటే బాగుండేది. తొలి సినిమా పట్టీలు నైట్రేటువి. వేడికి, తేమకు వాటంతట అవే కుళ్ళిపోతాయి, నిప్పు తగిలితే ఆర్పడం కష్టం. ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు లభ్యం కాదు. అంతకంటె పాతవైన దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. వాటికి ఎన్‌లార్జర్ అక్కరలేదు. కాగితాన్ని ఆనించి వెలుతురు చూపితే ఈనాటికీ అచ్చు దిగుతుంది.