హిమాయత్ సాగర్: ఖాళీగా ఉంచాల్సిన చోటు

ఆదివారం శంషాబాద్ వైపు బయల్దేరే వాళ్ల జాబితా దాదాపు ఒకేలా ఉంటుంది. సినిమాల్లో చూసి చూసి పరిచయమైపోయిన అమ్మపల్లి రామాలయం గోపురం, దాని కోనేరు. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం. ఓపికుంటే చిలుకూరు. తిరుగు దారిలో, పొద్దుగూకే వేళకి హిమాయత్ సాగర్. మొదటి మూడింటికీ ఏదో ఒక కథ తెలుసుకునే వెళ్తాం. చెరువు దగ్గర మాత్రం నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. నిజానికి నగరం చావుబతుకులతో ముడిపడిన కథ ఉన్నది దానికే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరి మీద పడింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరాన్ని చూసి ఊరుకోలేదు, నగరానికి ఎగువన ఏం జరిగిందో చూశారు. అక్కడి చిన్న చెరువులు తెగిపోవడంతో వరద మరింత బలపడింది. అందుకే ఊళ్లో గోడలు లేపితే సరిపోదు, నీళ్లని పైనే ఆపి, నది మోయగలిగినంతే కిందికి వదలాలి అన్నారు.

ఆ ఆలోచనే రెండు జలాశయాలైంది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు ఏళ్లూ కలిసేది లంగర్‌హౌస్ దగ్గర, బాపూఘాట్‌లో. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన పేరు ఒకదానికి, పెద్దకొడుకు పేరు ఇంకోదానికి పెట్టుకున్నాడు. రెండూ నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. చిక్కంతా ఆ ‘కూడా’ దగ్గరే ఉంది.

తాగునీటి చెరువు నిండితే పండగ. వరదని ఆపే చెరువు ముందే నిండి ఉంటే మాత్రం ప్రమాదం. వచ్చే నీళ్లకి అందులో చోటుండాలి. అందుకే ఈ కట్ట దగ్గర చూడాల్సింది నీళ్ల అందమొక్కటే కాదు, పదిహేడు గేట్లని కూడా. 2020 అక్టోబర్ వానలకి వాటిని ఎత్తాల్సి వచ్చింది. గేట్లెత్తినప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోతాయి. మనం దారి అనుకుంటున్నది ఈసీ నదికి కూడా దారే మరి.

చెరువులోనే కాదు, చెరువు పైన కూడా ఖాళీ కావాలన్నది రెండో మలుపు. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో రెండు జలాశయాలకి పది కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో పరిశ్రమలకి, పెద్ద హోటళ్లకి, కాలనీలకి అడ్డుకట్ట వేసింది. శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ అప్పటికే ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీకి భూమి కొనుక్కుంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. ప్రభుత్వమేమో మినహాయింపు ఇచ్చింది. తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది.

1999 జనవరి 27న తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. ముందుజాగ్రత్త సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే, వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో ఒప్పుకుంది. ఈ తీర్పు దాన్ని విడమరిచి చెప్పింది: హాని జరుగుతుందని జనం నిరూపించక్కర్లేదు, జరగదని పరిశ్రమే నిరూపించాలి. సైన్సు తెలిసినవాళ్లు లేకుండా జడ్జీలు ఇలాంటివి తేల్చడం కష్టమని కూడా అంది. 2000 డిసెంబర్‌లో రెండో తీర్పు ఆ మినహాయింపుని కొట్టేసింది. తర్వాత ఆయనే లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో పర్యావరణ కోర్టులు పెట్టాలని సిఫారసు చేశారు. 2010లో వచ్చిన నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ వెనకున్న ఆలోచనల్లో అదొకటి. ఎయిర్‌పోర్టు ఊరని మాత్రమే మనం పిలిచే చోటు దేశం చట్టంలోకి ఇలా ఎక్కింది.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 జీవోతో ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు తాగుతోందనీ, ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతానికి మించదనీ చెప్పిన కారణం. లెక్క సరే. కానీ 1909లో విశ్వేశ్వరయ్యని పిలిచింది దాహం తీర్చడానికి కాదు, వరద ఆపడానికి. తాగునీటి అవసరం తగ్గినంత మాత్రాన వాన తగ్గదు. ఎగువన నేల సిమెంటయ్యే కొద్దీ అదే వాన ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువగా చెరువులోకి దూకుతుంది.

అలాగని 84 గ్రామాల రైతుల గోడు అబద్ధం కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక పక్క ఊళ్లలో ఎకరం ధర ఆకాశానికెగిరితే, గీత లోపల భూమున్నవాళ్లు చూస్తూ కూర్చున్నారు. నిబంధన రైతు చేతులు కట్టేసినంత గట్టిగా, గోడ కట్టుకున్న ఫామ్‌హౌసులని ఆపలేదన్నది వాళ్ల కోపం.

ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే. వందేళ్లుగా ఆ ఖాళీ నేల నగరానికి కాపలా కాస్తోంది. దాని ఖర్చు మాత్రం అక్కడి పల్లెలే భరిస్తున్నాయి. ఆ ఖాళీ మనకి కావాలంటే దాని ఖరీదు నగరం కట్టాలి, అభివృద్ధి హక్కుల బదిలీగానో, ఏటేటా ఇచ్చే పరిహారంగానో. కట్టనంటే, ఆ నేల నిండిపోయాక ఏం కట్టాల్సొస్తుందో 1908 ఒకసారి చెప్పే ఉంది.