అయోడినును గూర్చి రెండు పాఠములు

మెడక్రింద గ్రంథి వాచిన వ్యాధిని మన పెద్దలు గళగండమనిరి. దానికి మందు సముద్రమునుండి వచ్చుననెడి నమ్మకము ఐరోపాలో మిక్కిలి పాతది. కాల్చిన స్పాంజి పొడిని అచ్చటి వైద్యులు శతాబ్దములుగా వాడుచుండిరి. 1811లో ఫ్రాన్సు దేశమున కుర్త్వా నాచు బూడిదనుండి ఊదారంగు ఆవిరి లేచుట చూచెను. అదియే అయోడిను. స్పాంజిపొడి మహిమ యీ పదార్థముదే కావలెనని యూహించి, 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దాని ద్రావకమును రోగులకు చుక్కలుగా నిచ్చెను. వాపులు తగ్గెను. అంతట జనులు వైద్యుని యడుగకయే దానిని కొని త్రాగజొచ్చిరి. గుండెదడ పుట్టినది, దేహములు కృశించినవి. మరుసటి యేడే క్వాండే తన మందుకు తానే జాగ్రత్తలు వ్రాయవలసి వచ్చెను.

అయినను అతని యూహ తప్పు కాదు. మన తెలుగువాడు, శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్నమున వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి దానిని హిమాలయ పాదమున నిరూపించెను. 1956లో ఆయనయు తోడివారును కాంగ్రా లోయను మూడు మండలములుగా విభజించి, రెంటికి అయోడిను కలిపిన యుప్పును, ఒకదానికి వట్టి యుప్పును ఇప్పించిరి. అయోడిను అందినచోట బడిపిల్లల మెడవాపులు స్పష్టముగా తగ్గెను. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము మొదలయ్యెను.

కాని వాచిన మెడలన్నియు అయోడిను లేమివలననే వాచునా? నాచు నిత్యాహారమైన జపానులో, 1912లో హషిమోతో అను యువవైద్యుడు నలుగురు స్త్రీల గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అవి తెల్లకణములతో క్రిక్కిరిసియుండుట వర్ణించెను. పిమ్మట స్వగ్రామమునకు మరలి సామాన్య వైద్యుడై, 1934లో సన్నిపాత జ్వరముచే మరణించెను. తాను చూచినదాని కారణము ఆయనకు తెలియలేదు. అదియు 1956లోనే బయటపడుట మాకు విచిత్రముగా తోచును. లండనులో రోయిట్, డోనియాక్ మొదలగువారు అట్టి రోగుల రక్తమున, వారి గ్రంథిపైననే తిరుగబడు ప్రతిరక్షకములను కనుగొనిరి. కాపలావాడే యిల్లు దోచుచుండెనన్నమాట!

ఇట్టివారికి నాచుమాత్రలు మేలు చేయకపోగా, మితిమీరిన అయోడిను గ్రంథిని మరింత కుంటుపరచవచ్చును. సెలీనియము కొన్ని పరీక్షలలో ప్రతిరక్షకములను తగ్గించినది. రోగికి దానివలన సుఖము కలుగునని మాత్రము స్థిరపడలేదు. జుట్టుకై మ్రింగు బయోటినయితే, అధికమైనచో కొన్ని థైరాయిడు రక్తపరీక్షలనే తారుమారు చేయును. గ్రంథి చాలినంత పనిచేయనివారికి, 1927లో హారింగ్టను ప్రయోగశాలలో కూర్చిన థైరాక్సినే నేటికిని ప్రధానమైన మందు.