నర్సమ్మకు వచ్చు పిలుపు

మా వట్లూరు నుండి ఏలూరు ఆసుపత్రికి రోగిని తీసికొని పోయిన వారందరును ఈ సంగతి ఎరుగుదురు. డాక్టరుగారు చూచి పోవుదురు. తెల్లవారువరకు మంచము చెంత తిరుగాడునది నర్సమ్మయే. అట్టి ఆమె డ్యూటీ దిగి ఇంటికి పోయిన పిమ్మట కూడ, పిలుపు వచ్చినచో మరల రావలెనని అనేక ఆసుపత్రులలో నియమము కలదు. పిలుపుకొరకు ఎదురుచూచు ఆ గంటలు పనియా, విశ్రాంతియా?

పూర్వము ఈ ప్రశ్న పుట్టలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు 1898లో అచ్చట స్త్రీల ఆసుపత్రి తెరిచిరి. ఆనాటి మిషను ఆసుపత్రులలో నర్సులు సాధారణముగా ఆవరణలోనే కాపురముండిరి. అర్ధరాత్రి తలుపు తట్టినచో లేచి రావలసినదే. దానిని సేవ యనిరి, గంటలు లెక్కింపలేదు. ఆ మాట వేదికలపై ఎక్కువగా చెప్పినవారము మాబోటి బోధకులమే గనుక, ఇందులో మా భాగము కూడ ఒప్పుకొనవలెను.

నర్సులు చాలకపోవుటయు ఒక కారణమే. 1946లో భోర్ కమిటీ చూచినప్పుడు దేశమంతటికి సుమారు 7,000 మంది నర్సులుండిరి. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్కరు. పదిమంది పని ఒకతె చేయుచుండగా ఆమెను ఇంటికి పంపువారెవరు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మిల్లు కార్మికునికి వారమునకు 48 గంటలని హద్దు పెట్టెను గాని, ఆసుపత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు గదా!

1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో నర్సుల నిమిత్తమే ఒక ఒడంబడికను, దానితోకూడ 157వ సిఫారసును ఆమోదించెను. పిలుపు డ్యూటీని సాధ్యమైనంత తక్కువగా వాడవలెననియు, దానికి ప్రతిఫలమీయవలెననియు, రెండు డ్యూటీల నడుమ కనీసము 12 గంటల విశ్రాంతి యుండవలెననియు, పని వేళలు ముందుగానే తెలిపి ఆమె కుటుంబమును చక్కబెట్టుకొననీయవలెననియు, ప్రత్యేకమైన ఆపద వచ్చినగాని ఆ వేళలు మార్చరాదనియు అందు వ్రాసిరి. సిఫారసు చట్టము కాదు. ఒడంబడికలో చేరిన దేశములలో మన దేశము లేదు.

ఆపద యననేమో ఏలూరువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరు 5 మొదలు కొలది దినములలోనే ఆరువందలమందికి పైగా మూర్ఛలతోను, కళ్లు తిరిగియు పడిపోయిరి. వైద్యులు పరీక్షింపగా రోగుల రక్తములో సీసము, నికెల్ కనబడెను. అట్టి రాత్రి పిలిచినచో ఏ నర్సమ్మ రాననును? ఆపద రాత్రికి వ్రాసిన నియమమును ప్రతి ఆదివారమునకు పొడిగించుటయే చిక్కు.

మా సంఘములో ఒక నర్సమ్మ కలదు. ఆసుపత్రి పేరు అక్కరలేదు. ఆమె ఎప్పుడును గుడిలో తలుపు దగ్గరి చాపమీదనే కూర్చుండును. మొదట నేను పొరపడి, ముందుకు రమ్మంటిని. “ఫోను వస్తే లేచి పోవాలి గదండీ అయ్యగారూ, అందరి మధ్య నుంచి లేవడమెందుకు,” అనెను. నెలకు ఎన్ని ఆదివారములు ఆమె పేరు పిలుపు పట్టికలో ఉండునో అడిగితిని. ఆమె వ్రేళ్లు మడచి లెక్కించుచుండగానే ఫోను మ్రోగెను.