కోట్ల ఇళ్లకు ఒకటే నంబరు

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే నల్లని తెర మీద గబగబా కొన్ని వరుసలు పడతాయి. వాటిలో ఐపీవీ4 అడ్రస్ అన్నచోట చాలా ఇళ్లలో 192.168.1.5 లాంటి అంకె కనిపిస్తుంది. కాస్త కిందే డీఫాల్ట్ గేట్‌వే, 192.168.1.1. అది రౌటర్‌ది. ప్రింటర్ కలపాలన్నా, ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి ఫైళ్లు తెచ్చుకోవాలన్నా ఈ అంకెలతోనే పని. గుంటూరులో ఒక ఇంట్లో కనిపించిన అంకే కరీంనగర్‌లోనూ, డాలస్‌లో స్థిరపడ్డ తెలుగువారింట్లోనూ కనిపించవచ్చు. ఇన్ని కోట్ల ఇళ్లకు ఒకే అడ్రస్ రావడం వెనక 1990ల నాటి కొరత ఒకటుంది, పెద్ద తగాదా ఒకటుంది.

ఇంటర్నెట్‌కు రూపం ఇచ్చినవాళ్లు అనుకున్నది వేరు. 1981 సెప్టెంబరులో ఖరారైన నియమాల ప్రకారం అడ్రస్ అంటే 32 బిట్లు, మొత్తం కలిపి సుమారు 429 కోట్లు. ఒక యంత్రానికి ఇచ్చింది ప్రపంచంలో మరో యంత్రానికి ఉండకూడదు. ఈ అంకెల పద్దు చూసినవాడు జాన్ పోస్టెల్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, ఏ అంకె ఎవరికిచ్చిందీ ఏళ్ల తరబడి ఓపికగా రాసిపెట్టాడు. ఇంటర్నెట్ ఆయనకు చాలా రుణపడి ఉంది.

పంపకం మాత్రం ఉదారంగా సాగింది. 9తో మొదలయ్యేవన్నీ ఐబీఎంకు, 18 ఎంఐటీకి, 19 ఫోర్డ్ కార్ల కంపెనీకి వెళ్లాయి. ఒక్కొక్కరి వాటా 1 కోటి 67 లక్షల పైమాటే! చిన్న వాటాలో 256 అడ్రస్‌లు, మధ్యరకంలో 65,536. వెయ్యి కంప్యూటర్లున్న కాలేజీకి చిన్నది చాలదు, మధ్యరకం తీసుకుంటే ముప్పాతికకు పైగా వృథా. ఇలాగే సాగితే మధ్యరకం వాటాలు కొన్నేళ్లలోనే అయిపోతాయని 1990ల మొదట్లో లెక్కతేలింది.

1994 మార్చిలో యాకొవ్ రెఖ్టర్, మరో ముగ్గురు కలిసి ఆర్ఎఫ్‌సీ 1597 అనే పత్రం వెలువరించారు. మూడు వరసల అడ్రస్‌లను ఎవరికీ కేటాయించకుండా పక్కన పెడదాం, ఎవరి ఆవరణలో వాళ్లు వాటిని అడక్కుండా వాడుకోవచ్చు, బయటి ఇంటర్నెట్‌లో మాత్రం అవి చెల్లవు అన్నది దాని సారాంశం. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 101 నంబరు ఫ్లాట్ ఉన్నట్టన్నమాట. ఆ మూడింటిలో 10తో మొదలయ్యే వరస ఒకప్పుడు ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌ది. 1990లో ఆర్పానెట్ మూతపడటంతో అది ఖాళీగా ఉంది. 192.168 వరసలో ఉన్నవి 65,536.

నాలుగు నెలలకే ఎదురు పత్రం వచ్చింది. ఎలియట్ లియర్, మరో ముగ్గురు రాసిన ఆర్ఎఫ్‌సీ 1627. అడ్రస్ ఒక్కరికే ఉండాలన్నది ఇంటర్నెట్‌కు పునాది, దాన్ని నలుగురిలో సరిగ్గా చర్చించకుండానే కదిపారని వారి అభ్యంతరం. రేపు రెండు సంస్థలు కలిస్తే అడ్రస్‌లు ఢీకొంటాయనీ హెచ్చరించారు. 1996 ఫిబ్రవరిలో సవరించిన పత్రంగా ఆర్ఎఫ్‌సీ 1918 వచ్చింది. దాని రచయితల్లో లియర్ పేరూ ఉంది. వాదించినవాడినే కలుపుకుని లోటుపాట్లతో సహా రాసుకున్న ఆ పద్ధతి నిజంగా మెచ్చుకోదగ్గది.

సొంత ఆవరణలో చెల్లే అడ్రస్‌తో బయటికి వెళ్లేదెలా? 1994 మేలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ రాసిన ఆర్ఎఫ్‌సీ 1631 దారి చూపింది. గుమ్మం దగ్గరి యంత్రం లోపలి అడ్రస్ చెరిపి బయటిది వేస్తుంది, జవాబు వచ్చాక మళ్లీ మారుస్తుంది. దాన్ని కొంతకాలానికి పనికొచ్చే ఉపాయంగానే ప్రతిపాదించారు. మూడు దశాబ్దాలు దాటినా ఇళ్లు దాని మీదే నడుస్తున్నాయి. అంకెలు ఎవరూ చేత్తో వేయకుండా రౌటరే పంచే డీహెచ్‌సీపీని బక్‌నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రామ్స్ 1993 అక్టోబరులో ప్రకటించాడు. రౌటర్ నుంచి అంకె అందకపోతే విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యేది పెట్టుకుంటుంది. అది కనిపించిందంటే ముందు కేబులో, రౌటరో చూసుకోవాలి.

మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ప్రజలకు వచ్చినప్పుడు ఇంట్లో ఒక మోడెం, ఒక కంప్యూటర్. 192.168తో పని పడింది బ్రాడ్‌బ్యాండ్, వైఫై రౌటర్లు వచ్చాకే. 2020లో ఆఫీసులు ఇళ్లకు తరలినప్పుడు లియర్ బృందం చెప్పిన ఇబ్బంది కొందరికి ఎదురైంది. ఆఫీసు నెట్‌వర్క్‌దీ 192.168.1, ఇంటిదీ అదే అయితే, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే వీపీఎన్ కలిసినా ఫైల్ సర్వర్ దొరకదు.

2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలోని చివరి ఐదు పెద్ద వాటాలనూ ఖండాల వారీ సంస్థలకు పంచేశారు. 2017లో ఎంఐటీ తన వాటాలో మిగిలిపోయినవాటిని లక్షల లెక్కన అమ్మింది. 128 బిట్ల ఐపీవీ6తో ప్రతి పరికరానికీ మళ్లీ సొంత అడ్రస్ ఇవ్వచ్చు. దాని వాడకంలో భారతదేశం ముందు వరసలో ఉంది. అయినా పాత అంకెల అవసరం తీరలేదు కాబట్టి, కొన్ని కంపెనీలు ఎందరో చందాదారులకు ఒకే బయటి అడ్రస్‌ను పంచుతున్నాయి. అందుకోసమే 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసను ప్రత్యేకించారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ దగ్గర ఆ వరసలోని అంకె కనిపిస్తే, ఐపీవీ4లో బయటి నుంచి ఇంటి సీసీ కెమెరాకు నేరుగా దారి ఉండదు. కెమెరా కంపెనీ క్లౌడ్ మీద ఆధారపడాలి, లేదంటే స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి. దానికి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి.