కారు ముందరి కవచం: బంపరు నుంచి బుల్‌గార్డు దాకా

మన సంఘ సభ్యుల ఇళ్లలో కారు ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లలో, మనవలో కొత్త బండి కొంటే గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఇంటికి తీసుకువస్తాం. ఆ మర్నాడు ఇంట్లో పుట్టే ప్రశ్న ఒకటుంది: "ముందు గార్డు వేయిద్దామా?" ఈ ప్రశ్న వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే జవాబు చెప్పడం సులువవుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బండి ముందు కవచం కట్టాలన్న ఆలోచన మోటారు కారు కన్నా పాతది. ఇంగ్లండులో 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం మొదలైన రోజుల్లో, పట్టాల మీది అడ్డంకులను పక్కకు తోసే చట్రం ఇంజను ముందు బిగించాలని గణిత శాస్త్రజ్ఞుడు చార్లెస్ బాబేజ్ సూచించాడు. ఈ సంగతి 1864లో వెలువడిన తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. మార్గానికి కంచెలు లేని అమెరికాలో పశువులు పట్టాల మీదికి వచ్చేవి. అందుచేత అక్కడ ఇంజన్లకు అటువంటి చట్రం మామూలైపోయింది.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో అసలు బాధ గుద్దుకోవడం కాదు, దుమ్మూ కంకరా. అప్పటి రోడ్లు కంకర పరిచి దిమ్మిస చేసినవి. గుర్రపు బండి నడకకు అవి సరిపోయాయి గాని, వేగంగా తిరిగే రబ్బరు టైర్లు దుమ్మునూ రాళ్లనూ లేపి వెనక వచ్చేవారి మీద కొట్టేవి. 1902లో మొనాకోలో గూలియెల్మినెట్టి అనే వైద్యుడు దుమ్ము అణచడానికి రోడ్డుకు తారు పూయించాడు. అదే ఏడాది ఇంగ్లండులో హూలీ అనే ఇంజనీరు తారు కలిపిన కంకర రోడ్డుకు పేటెంటు తీసుకున్నాడు. కారు రంగును కాపాడిన మొదటి కవచం కారుకు తగిలించినది కాదు, చక్రాల కింద పరచినది అన్నమాట.

ఇక బంపరు. 1905లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ సిమ్స్ తన సిమ్స్–వెల్‌బెక్ కారుకు రబ్బరు బంపరు బిగించాడు. తరువాత ఉక్కు పట్టీలు వచ్చాయి. 1920ల ద్వితీయార్ధంలో క్రోమియం పూత వాడుకలోకి రాగానే బంపరు రక్షణతోపాటు అలంకారం కూడా అయింది.

రంగుదీ ఒక కథ ఉంది. ఫోర్డు మోడల్ టి కారు 1914 నుంచి 1925 దాకా నలుపు ఒక్క రంగులోనే వచ్చేది. ఖరీదైన కార్లకు పూత మీద పూత వేసి వార్నిషు ఆరేదాకా వారాల తరబడి నిలబెట్టేవారు. డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన డ్యూకో అనే కొత్త పూత 1924 నమూనా ఓక్లండు కార్లకు వేశారు. అది త్వరగా ఆరేది, పలు రంగుల్లో దొరికేది. మన ఊళ్లలో బీరువాలకూ తలుపులకూ పిచికారీతో రంగు వేసేవారు నేటికీ "డూకో పెయింటు" అంటారే, ఆ పేరు అక్కడిదే.

మన దేశంలో ప్రభుత్వోద్యోగికి కారంటే అంబాసడరే. 1957లో ఉత్తర్‌పారాలో మొదలై 2014లో ఆగిపోయిన ఆ బండికి మెరిసే ఉక్కు బంపరు, దానిమీద రెండు కొమ్ములు ఉండేవి. మా సెక్షనులో వాహనాల ఫైళ్లు నేను చూసిన సంవత్సరాల్లో, మరమ్మతు అంచనాల్లో తరచు కనిపించే పద్దు "ముందు భాగం టింకరింగు, పెయింటింగు". సొట్ట తీసి, లప్పం పెట్టి, రంగు కొడితే బండి మళ్లీ డ్యూటీకి వెళ్లేది. "పాత బండ్లు గట్టివి, ఇప్పటివి అట్టపెట్టెలు" అన్న మాట మనవాళ్ల నోట వినిపించడానికి ఆ రోజులే కారణం.

ఆ మాట కొంతవరకే నిజం. బండి నలగకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? లోపల కూర్చున్న మనిషికే తగులుతుంది. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేనీ ఇది గ్రహించి, ముందూ వెనకా భాగాలు నలిగి దెబ్బను మింగాలి, మధ్య భాగం మాత్రం గట్టిగా నిలవాలి అన్న పద్ధతికి 1952లో పేటెంటు పొందాడు. 1959లో ఆ పద్ధతిలో కారు వచ్చింది. 1972లో ఫ్రాన్సులో రెనో 5 కారుకు ప్లాస్టిక్ బంపర్లు పెట్టారు. అమెరికాలో 1973 నమూనాల నుంచి, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో గోడను తాకినా దీపాల వంటి ముఖ్యభాగాలు చెడని ముందు బంపరు ఉండాలని నిబంధన పెట్టారు. ఇప్పటి కార్లలో పైకి కనిపించేది ప్లాస్టిక్ తొడుగే. దాని వెనక మెత్తని దిండు వంటి భాగం, దాని వెనక లోహపు దూలం ఉంటాయి.

ఇటువంటి బండికి మనం బయట షాపులో ఇనుప బుల్‌గార్డు బిగించామనుకోండి. అది నేరుగా ఛాసిస్‌కు తగులుతుంది. నలగవలసిన భాగం నలగక దెబ్బ సూటిగా లోపలికి వెళుతుంది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే సెన్సర్ల లెక్క తప్పవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట. ఆస్ట్రేలియా మారుమూల రోడ్లమీద చీకట్లో కంగారూలు అడ్డం వస్తాయి గనక అక్కడ ఈ గార్డులకు ఒక అర్థం ఉంది. మన బజారులో అడ్డం వచ్చేది మనిషి. ప్లాస్టిక్ బంపరు కొంత లొంగుతుంది, ఇనుప గొట్టం లొంగదు. పెద్దవాళ్లకు అది మోకాలికి తగిలితే, చిన్నపిల్లలకు తలకే తగులుతుంది.

అందుకనే కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాస్తూ, ఇటువంటి గార్డులు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, బిగించినవారిపై చర్య తీసుకోవాలని కోరింది. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది గనక ఈ హెచ్చరిక విలువ ఇంకా పెరిగింది.

మరి రంగు మాటేమిటి? కంకర టిప్పరు వెనక వెళితే బానెట్టు మీద తెల్లటి చుక్కలు పడతాయి, నిజమే. ఇప్పటి కారుకు ఫ్యాక్టరీలో వేసే పూతలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతే. అమెరికాలో 1980లలో కారు ముక్కుకు నల్లటి వినైల్ ముసుగు తొడిగేవారు. దాని కింద చేరిన ఇసుకా తేమా రంగును అరగదీసేవి. వియత్నాం యుద్ధంలో హెలికాప్టరు రెక్కల అంచులను ఇసుక నుంచి కాపాడటానికి అంటించిన పాలీయురేథేన్ పొర తరువాతి కాలంలో కార్లకు వచ్చింది. సుమారు 0.2 మిల్లీమీటర్ల మందమున్న ఆ పారదర్శక పొర చిన్న రాళ్ల దెబ్బ ఆపుతుంది, ఎవరికీ హాని చేయదు.

అది కొనలేనివారికి ఖర్చులేని కవచాలు ఉన్నాయి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది గనక టిప్పరు వెనక వేగం తగ్గించి దూరం పాటించాలి. బానెట్టు మీద ఎండిన పురుగులను ఆ రోజే నీళ్లతో నానబెట్టి కడగాలి. ఇనుప రేకు మీద రంగు లేచి లోహం కనిపిస్తే, తుప్పు పట్టకముందే ప్రైమరు, టచప్ రంగు పూయాలి.

మన సభ్యుల్లో ఎక్కువమంది ఉదయం నడకకు వెళ్లేవారు, బస్సు కోసం రోడ్డు దాటేవారు. కారు నడిపేవారు తక్కువ. కనుక పిల్లలు గార్డు సంగతి ఎత్తినప్పుడు మొహమాటపడకుండా ఒక్కమాట చెప్పండి: "రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు నాయనా, ఎదుట నడిచేది మనవాళ్లే కావచ్చు." పాత బండికి గార్డు ఇంకా ఉంటే ఈ వారమే విప్పించండి. మెకానిక్కు అది గంట పని.